మూడు పథ్యాలు, ఒక కడుపు

నాకు కామెర్లు వచ్చిన సంగతి నాకంటే ముందు ఎనిమిదో తరగతికి తెలిసింది. నల్లబల్ల మీద ఆనాటి నీతివాక్యం రాసి ఇటు తిరిగేసరికి ముందు బెంచీ పిల్లలందరూ రెప్ప వేయకుండా నా కళ్ళలోకే చూస్తున్నారు. పదేళ్ళ పంతులుద్యోగంలో నా వంక అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. పాఠం బాగా సాగుతోందని మురిసిపోయాను. బల్ల మీద రాసిన వాక్యం 'మితాహారమే మహాభాగ్యము'. ఆ భాగ్యం ఆ సాయంత్రానికే పట్టింది. గంజి కూడా కడుపులో నిలవలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. మొన్న మా బడి వార్షిక సంచికకు, హాయిగా, నిలకడగా బతకడానికి నాలుగు మంచి మాటలు రాసివ్వమని తోటి ఉపాధ్యాయులు అడిగారు. "రోజూ బల్ల మీద రాసేవాడివే గదప్పా, నీకేం కష్టం?" అన్నారు. నిజమే, రాసేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. ఆ వాక్యాలు గుర్తొస్తే చెడిపోయిన మజ్జిగ వాసన తగిలినట్టుంటుంది. కూర్చుని ఆలోచిస్తే నాకు తెలిసినవి నాలుగు లేవు, ఒకటిన్నర ఉన్నాయి. అవి ఎట్లా దక్కాయో చెబుతాను. భోంచేయబోయే వాళ్ళు భోంచేసి వచ్చి చదవండి. భోంచేసిన వాళ్ళు కాసేపాగి చదవండి.

*జ్యేష్ఠం ఆఖరు*

అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడాది అది. ప్రొద్దుటూరులో ప్రతి అంగడి దగ్గరా చిల్లర తగాదాయే. నాకు మాత్రం ప్రపంచంలో ఒకటే తగాదా: వాసన.

కామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. ఎన్నిసార్లు పిల్లల చేత అర్థం రాయించానో! అది శుద్ధ అబద్ధం. లోకం ఎప్పటి రంగులోనే ఉంది. లోకానికే నేను పచ్చగా కనబడ్డాను. నాకు తెలిసిందల్లా లోకమంతా కంపు కొడుతుందని. వక్కాకు కంపు, తలనూనె కంపు, ఉతికి ఆరేసిన దుప్పటి కంపు. అన్నిటికంటే ఘోరం తాలింపు. పక్కవీధిలో ఎవరో ఆవాలు వేస్తే ఇక్కడ నా పేగులు చిటపటలాడేవి. బకెట్టు మంచం పక్కనే ఉండేది. దానిలోకి నేను చూసేవాణ్ణి, అది నాలోకి చూసేది. నా ఒంటిని చూస్తే నాకే రోత. గోళ్ళు పచ్చన, చెమట పచ్చన, తలగడ మీద తల ఆనిన చోట పచ్చటి మరక. పెళ్ళికొడుకును చేసినప్పుడు కూడా నాకింత పసుపు అంటలేదు.

మా ఇంట్లో మేము ముగ్గురం. నేను, మా అమ్మ, నా భార్య కమల. నేను రెండోసారి బకెట్టు పట్టుకున్న పూటే కమల పోపుగరిటె కడిగి, తుడిచి, అటక మీద పెట్టేసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆవాలు చిటపటలాడలేదు. అమ్మకూ, తనకూ కూడా తాలింపు లేని చప్పటి పప్పే. ఈ సంగతి నేను చాలా రోజులకు గానీ గమనించలేదు. రోగి కళ్ళకు పచ్చదనం కంటే ముందు స్వార్థం ఎక్కుతుంది.

*ఆషాఢం, మొదటి పదిరోజులు*

రోగిని చూడడానికి వచ్చేవాళ్ళు మా ఊళ్ళో వట్టి చేతులతో రారు. మందో, పథ్యమో, ఆ రోగంతోనే పోయిన బంధువు కథో తెస్తారు. నేను మంచం మీద, వాళ్ళు మంచం చుట్టూ. "మా చిన్నాయన గూడా ఇట్లనే సామీ, శానా మంచోడు" అని మొదలుపెడతారు. ఆ చిన్నాయన బతికాడని చెప్పిన వాడు ఒక్కడూ లేడు.

నాలో పుట్టుకతో వచ్చిన జబ్బొకటి ఉంది, కామెర్ల కంటే పాతది. మొహమాటం. ఎదుటివాడు ప్రేమగా చెబితే వద్దనలేను. పెళ్ళిళ్ళలో 'చాలు' అనలేక మూడు విస్తళ్ళ తిండి తిన్నవాణ్ణి, నేనే మితాహారం గురించి బల్ల మీద రాసేవాణ్ణి.

మొదట వచ్చింది పక్కింటి ఓబుళరెడ్డి. సేద్యగాడు, మాట మోటు, మనసు మెత్తన.

"ఏంది సామీ, కండ్లు ముద్దబంతి పూలయినాయే! పులివెందుల దావలో పసరు మందిస్తాడొకాయన. మూడు తడవలు తాగితే రోగం పరుగో పరుగు. పొద్దున్నే నేనే బస్సెక్కిస్తా."

వద్దనలేదు. ముద్దనూరు మీదుగా పరగడుపున బస్సులో పోయాను. ఆ వైద్యుడు ఆకు నూరి పాలలో కలిపి ఇచ్చాడు. పచ్చటి నురగ, పాచి పట్టిన తొట్టిలో అడుగు నీళ్ళలాగా. ముక్కు మూసుకుని మింగాను. పథ్యం చెప్పాడు: ఉప్పు, కారం, నూనె కూడదు, ఒట్టి మజ్జిగన్నమే. తిరుగు బస్సులో ఆ పసరు కూడా తిరుగు ప్రయాణం కట్టింది. కిటికీ వరకూ ఆగలేదు. ముందు సీటులో ఒకావిడ మూటగట్టుకున్న కొత్త చీర మీద పడింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మూట తుడుచుకుని, నా మొహం చూసి, తన చెంబులో నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

రెండోవారు మా హెడ్మాస్టరుగారు. పెద్దమనిషి. చేదుబీర ఎండబెట్టి దంచిన పొడి కాగితంలో కట్టుకుని తెచ్చారు. "ఒక్క పీల్పు పీల్చవయ్యా, పచ్చదనం అంతా ముక్కు గుండా దిగిపోతుంది" అన్నారు. పై అధికారికి ముక్కు అప్పజెప్పాను. తుమ్ములు, కళ్ళమంట, ఆపైన సాయంత్రం దాకా ముక్కు నుంచి పచ్చటి నీళ్ళు ధారగా. ఆయన ఆ నీళ్ళు పట్టిన గిన్నె వచ్చినవారికల్లా చూపించారు. "చూశారా, రోగం!" అని. నాకు ఆ గిన్నె మీద కలిగిన ఏవగింపు ఇంతా అంతా కాదు. ఆయనకు మాత్రం అది పరీక్షల్లో నూటికి నూరు. ఆయన పథ్యం: మజ్జిగ విషం, చలవ చేసేదేదీ ముట్టరాదు, వేడివేడి జొన్నగంజి, అందులో ఉప్పు తప్పనిసరి.

మూడోవాడు మా మేనమామ, వెంకోబ మామ. జమ్మలమడుగులో గుమాస్తా. మా నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను చదివించి, ఈ ఉద్యోగం దాకా చేయి పట్టుకుని నడిపించినవాడు. ఆయన మాటకు అడ్డు చెప్పడం మా ఇంట్లో లేదు. ఆయన తనతో వాతలు పెట్టే ముసలాయనను తీసుకొచ్చాడు.

"ఒరే శేషూ, మూడు ఆదివారాలు మూడు వాతలు. అంతే. మీ తాతకు నేనే పెట్టించినా."

"తాత బతికినాడా మామా?"

"వాత దెబ్బకు బతికినాడు. ఆనక పామో ఏదో కరిచి పోయినాడు. దానికీ దీనికీ ఏంది సంబంధం?"

ముసలాయన పసుపుకొమ్ము దీపంలో కాల్చి, ఎర్రగా కణకణలాడుతుంటే, నా ముంజేతి మీద అద్దాడు. పచ్చరోగానికి పచ్చకొమ్ముతోనే శిక్ష. చర్మం కాలిన కంపు వచ్చింది. ఆ కంపు నాదే అని తెలిశాక వచ్చిన వాంతిని ఏ బకెట్టూ పట్టలేదు. మామ నా తల నిమురుతూ ఏడుస్తున్నాడు, అదీ అన్యాయం. ఏడ్చేవాడి మీద కోపం ఎట్లా తెచ్చుకోవాలి? వాత పథ్యం: అన్నం ముట్టకూడదు, పాలు కూడదు, పుండు ఆరేదాకా స్నానం లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మజ్జిగన్నం తప్ప ఏదీ కూడదు. మజ్జిగ కూడదు. అన్నం కూడదు. గంజిలో ఉప్పు వేయాలి. ఉప్పు వేయకూడదు. ముగ్గురూ రోజు విడిచి రోజు వచ్చి "పథ్యం చేస్తాండావా?" అని అడిగేవారు. ముగ్గురికీ "చేస్తాండా" అనేవాణ్ణి. ఎవర్నీ నొప్పించకుండా మూడు పథ్యాలూ ఒకేసారి పాటించాను. అంటే ఉప్పులేని జొన్నగంజి తేటనీళ్ళు, అంతే. నాకు తెలిసి మా జిల్లాలో మొహమాటంతో పస్తు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కమల గొణిగేది. "మీ కడుపు ఒకటే గదా, ముగ్గురికి గుత్తకిచ్చినారా?"

"పెద్దవాళ్ళు. బాధపడతారు."

"మీరు పోతే బాధపడరా?"

నేను గోడవైపు తిరిగాను. పదో రోజు పెరట్లోకి వెళ్ళి తిరిగి వస్తూ గడప దగ్గర పడిపోయాను. లేచేసరికి ఓబుళరెడ్డి ఎద్దులబండిలో ఉన్నాను. కమల ఒడిలో తల. బండి బస్టాండుకు పోతోంది. ఎవర్నీ అడక్కుండా జమ్మలమడుగు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని కమలే తేల్చేసింది. ఓబుళరెడ్డి తన పసరు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఎద్దులను మాత్రం దారిపొడుగునా తిట్టాడు.

*ఆషాఢం, ఆసుపత్రి రోజు*

ఆసుపత్రి వసారా నిండా జనం. కల్లుకుండ కడిగినట్టు ఒక పులిసిన వాసన, ఫినాయిలు వాసన, పసిపిల్లల పాలవాంతుల వాసన. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నారు. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. పక్కన కంబళి కప్పుకున్న ముసలాయన, గొర్రెల కాపరి. పేరు గంగన్న. మోకాలు వాచి వచ్చాడు. గొర్రెవాసన గుప్పున కొడుతోంది. నాకు కడుపు తిరిగింది. లేవబోతే కాళ్ళు రాలేదు. గంగన్న తన సత్తుగిన్నె నా నోటి కింద పెట్టాడు, తాను మజ్జిగ తాగే గిన్నె. రెండో చేత్తో నా వీపు అదిమి పట్టాడు. అయ్యాక కుంటుకుంటూ పోయి గిన్నె కడుక్కొచ్చి, దాంట్లోనే నాకు నీళ్ళు తెచ్చాడు. తాగాను. మా అమ్మ చూసి ఉంటే గంగలో ముంచేది. నాకు మాత్రం ఆ నెలలో కంపు కొట్టని నీళ్ళు అవే.

నా ముంజేయి చూశాడు. వాత చీము పట్టి ఉంది. ఈగలు.

"ఇదేంది సామీ?"

"కామెర్లకు పెట్టినారు. ఈ ఆదివారం ఇంకొకటి, పై ఆదివారం ఇంకొకటి."

"నువ్వు అడిగి పెట్టించుకున్యావా?"

"లేదు. మా మామ పెట్టించినాడు."

గంగన్న కంబళి అంచుతో ఈగలను తోలాడు. తర్వాత నవ్వాడు. పళ్ళు లేని నవ్వు.

"మేమూ గొర్రెలకు వాతలు పెడతాం. నలుగురం పట్టుకుంటాం. అది మే మే అంటాది. వద్దు అనేదానికి దానికి నోరు తిరగదు. నీకు నోరుండాది గదా సామీ? బళ్ళో అయ్యవారంట గదా?"

కమల చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. గంగన్న ఆగలేదు.

"ఇంకోటి చెప్తా ఇను. గొర్రెకు సుస్తీ చేస్తే మందలోంచి ఏరు చేసి, నీడన కట్టేసి, గమ్మునుంటాం. పది గొర్రెలు దాన్ని చూడబోతే అది సస్తాది. మనిసికే ఎందుకో సుస్తీ చేస్తే మందంతా మీద పడతాది."

పదేళ్ళు నల్లబల్ల మీద నేను రాసిన వాక్యాలన్నీ కలిపి తూచినా ఈ మాట బరువు తూగవు.

డాక్టరమ్మ కళ్ళు లాగి చూసింది, కడుపు నొక్కింది, వాత చూసి పెదవి బిగించింది. నేను తిన్నవీ, తాగినవీ, పీల్చినవీ అన్నీ చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"ఈ జబ్బుకు నా దగ్గర పెద్ద మందేమీ లేదు. కదలకుండా పడుకోండి. చెరుకురసం, గంజి, మజ్జిగ, అన్నం, ఏది నిలిస్తే అది తినండి. పుండుకు కట్టు కడతాను. కానీ ఇంకో పసరు గానీ, ఇంకో వాత గానీ పడితే మళ్ళీ నా దగ్గరికి తీసుకురావడానికి మనిషి ఉండడు. తెలిసిందా?" కమల వైపు తిరిగింది. "తాలింపు వాసనకు వాంతి రాని రోజు చూసుకోమ్మా. ఆ రోజు గండం దాటినట్టు."

ఆ మాట ఆవిడ అంత మామూలుగా అనేసరికి నాకు మొదటిసారి చావంటే భయం వేసింది. అంతవరకూ రోత ఒక్కటే ఉండేది. భయపడడానికి కూడా కొంచెం ఓపిక కావాలి గదా.

*ఆ ఆదివారం*

ఇంటికొచ్చాక కమల గడపలో చేట వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళకు "పడుకున్నారు" అనేది, బియ్యంలో రాళ్ళు ఏరేది. హెడ్మాస్టరుగారిని కూడా వాకిట్లోంచే పంపేసింది. లోపల పడుకుని వింటుంటే నాకు సిగ్గుతో చెమటలు పట్టేవి. నా వద్దులన్నీ ఆవిడ చేత అనిపిస్తున్నాను. మొహమాటం నాది, చెడ్డపేరు ఆవిడది.

ఆదివారం పొద్దున వెంకోబ మామ వచ్చాడు, వెనక ఆ ముసలాయన. కమల లేచి నిలబడింది. మామ ఆవిడను దాటుకుని లోపలికొచ్చేశాడు. అడ్డుకోవడానికి ఆవిడకు నోరు రాలేదు. ఆయన మాకు మామ మాత్రమే కాదు, తండ్రి లెక్క. అమ్మ అప్పటికే దీపం వెలిగించి పెట్టింది.

"చెయ్యి ఇట్టియ్యి నాయనా," అన్నాడు మామ. "ఇది రెండోది. కండ్లు మూసుకో, అయిపోతాది."

పసుపుకొమ్ము ఎర్రబడుతోంది. నేను చేయి దుప్పట్లో దాచుకున్నాను, చిన్నపిల్లవాడిలాగా. నా ఎదురుగా ఉన్నది నాకు పలకాబలపం కొనిచ్చిన మనిషి. గంగన్న పళ్ళులేని నవ్వు గుర్తొచ్చింది. ఇప్పుడు నోరు విప్పి వద్దనకపోతే నేనూ గొర్రెనే.

"వద్దు మామా."

మామ విననట్టు చేయి చాచాడు.

"వద్దు. పసరు వద్దు, పొడి వద్దు, వాత వద్దు. చస్తానంట మామా. డాక్టరమ్మ చెప్పింది. నాకు బతకాలనుంది."

మామ అమ్మ వంక చూశాడు. అమ్మ నా వంక చూసింది. తర్వాత వంగి దీపం ఆర్పేసింది. ఆ పొగ కంపుకు నాకు వాంతి వచ్చింది. మామ బకెట్టు నా ముందుకు జరిపాడు, అలవాటు చొప్పున. నా నోరు తుడిచాడు. ఆపైన ఉత్తరీయం దులుపుకుని లేచాడు.

"నీకు నోరొచ్చింది శేషూ. సంతోషం. ఇంక నాతో పనేముంది?"

మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళలో ఆయన మా ఇంట నీళ్ళు తాగకుండా వెళ్ళడం అదే మొదలని అమ్మ మూడు రోజులు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడిస్తే కన్నీళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయనుకుంటాను. చూసుకునే ధైర్యం చేయలేదు.

*శ్రావణం*

చెరుకురసం నిలిచింది. గంజి నిలిచింది. మజ్జిగన్నం నాలుగు ముద్దలు నిలిచాయి. గోళ్ళు మొదళ్ళ దగ్గర తెల్లబడ్డాయి. అమ్మ గండి ఆంజనేయస్వామికి శనివారాలు మొక్కుకుంది. స్వామి దగ్గర పథ్యాల్లేవు, అందుకే దానికి మాత్రం నేను అడ్డు చెప్పలేదు. ఆకలి మాత్రం రాలేదు. తిండి మందులా మింగుతున్నాను. వాసన ఇంకా వెగటే.

రెండో శనివారం పొద్దున కమల అటక మీద నుంచి పోపుగరిటె దించింది. తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో గరిటె, అందులో చుక్క నూనె.

"పెట్టేదా?"

బకెట్టు దగ్గరికి లాక్కున్నాను. "పెట్టు."

వంటింట్లో చప్పుడు. నూనె కాగే వరకూ ఇంత కాలం పడుతుందని నాకెప్పుడూ తెలియదు. ఒక ఆవగింజ చిట్లింది. తర్వాత అన్నీ. జీలకర్ర, ఎండుమిరప, ఇంగువ, ఆపైన కరివేపాకు చుయ్యిమంది. ఘాటు గాలిలో తేలుతూ వచ్చి నా మీద పడింది. ఊపిరి బిగబట్టాను. వదిలాను. మళ్ళీ పీల్చాను. కడుపు కదిలింది. ఇక అయిందనుకున్నాను. కానీ పైకి రాలేదు. నోట్లో నీళ్ళూరాయి. ఒకటిన్నర నెల తర్వాత, రోతతో కాదు, వట్టి ఆకలితో.

"వచ్చిందా?" కమల లోపలి నుంచి.

"రాలేదు."

గరిటె కింద పెట్టిన చప్పుడైంది. ఆ వెంటనే ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఎండుమిరప పొగకు కళ్ళు మండినాయని తర్వాత చెప్పింది.

సరిగ్గా అప్పుడు వాకిట్లో ఎవరో దగ్గారు. వెంకోబ మామ. అరుగు మీదే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, ముక్కెగరేసి గాలి పీలుస్తున్నాడు.

"వీధి మలుపులోకే వస్తాంది వాసన. తాలింపు పెట్టినారే!"

"పెట్టినాం మామా," అంది కమల వంటింట్లోంచి.

"వాడికి..."

"నాకు వాంతి రాలేదు మామా," అన్నాను మంచం మీద నుంచి.

మామ గడప దాటి వచ్చి నా కనురెప్పలు కిందికి లాగి చూశాడు, డాక్టరమ్మ కంటే ఎక్కువసేపు. తర్వాత కాళ్ళు కడుక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు. "నాకూ రెండు ముద్దలు పెట్టమ్మా కమలా" అన్నాడు. ఇద్దరికీ పప్పన్నం వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మామ నా చేతి మచ్చ వంక చూశాడు.

"చూసినావా శేషూ," అన్నాడు తృప్తిగా. "ఆ ఒక్క వాతకే లొంగింది రోగం."

వంటింట్లో కమల దగ్గింది. అది మామూలు దగ్గు కాదు. నా నోటిదాకా పది మాటలొచ్చాయి. చీము, ఈగలు, గంగన్న గిన్నె, డాక్టరమ్మ బిగించిన పెదవి. అవన్నీ నిజాలే. మామ ముద్ద కలుపుతూ నేనేమంటానోనని చూస్తున్నాడు.

వద్దనవలసిన చోట వద్దనడం నేను నేర్చుకున్న పాఠం. మిగతా సగం పాఠం ఆ పీట మీద దొరికింది.

"ఇంకాస్త పప్పు వెయ్యి కమలా," అన్నాను. "మామకు గూడా."